పొడవును చెప్పే ఇంగ్లీషు విశేషణాలు: కొన్ని అర్థచ్ఛాయలు

మా విద్యార్థి ఒకరు అతిథి ఉపన్యాసకులకు ఇంగ్లీషులో కృతజ్ఞతా లేఖ రాస్తూ, వారి 'లెంగ్తీ' ప్రసంగం అందరికీ నచ్చిందని పేర్కొన్నాడు. లేఖలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా దాన్ని పంపకముందే మేము ఆ మాట దిద్దించవలసి వచ్చింది. 'దీర్ఘమైన' అనే అర్థం చూసుకొని అతడు దాన్ని వాడాడు. చదివేవారికి మాత్రం 'మీరు బాగా సాగదీశారు' అన్న ధ్వని వినిపించే ప్రమాదం ఉంది. పొడవును చెప్పే మాటలు కొలతతో పాటు చెప్పేవారి మనసును కూడా చెబుతాయి.

ముందుగా 'లాంగ్', 'టాల్' అనే రెంటిని చూద్దాం. తెలుగులో జడా పొడుగాటిదే, మనిషీ పొడుగాటివాడే. ఇంగ్లీషులో జడ 'లాంగ్', మనిషి 'టాల్'. నేలమీద నిలిచి పైకి సాగినదానికి 'టాల్' వాడతారు. కరెంటు స్తంభం నిలబెట్టి ఉంటే 'టాల్'. అదే స్తంభం రోడ్డు పక్కన పడి ఉంటే 'లాంగ్'. ఈ భేదం మన విద్యార్థులకు పూర్తిగా కొత్త కాదు. తమిళంలో జడకు 'నీళం', మనిషికి 'ఉయరం' అంటారు. మరాఠీలో 'లాంబ్', 'ఉంచ్' అనీ, ఒడియాలో 'లంబా', 'డెంగా' అనీ వేరువేరు మాటలున్నాయి. కన్నడంలో మాత్రం 'ఉద్ద' మన 'పొడుగు' లాగే రెంటికీ చెల్లుతుంది. ఇరుగుపొరుగు భాష తెలిసినవారికి ఈ పాఠం సగం వచ్చినట్టే.

'లాంగ్' కేవలం కొలత చెబుతుంది. తాడుకూ, దారికీ, కాలానికీ, ఉత్తరానికీ అన్నిటికీ సరిపోతుంది. మెప్పుగానీ విసుగుగానీ దానంతట అది సూచించదు. 'లెంగ్తీ' అలా కాదు. ఇది ఎక్కువగా ప్రసంగానికీ, నివేదికకూ, విచారణకూ వాడే మాట. ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉందన్న భావం తరచు దానితో వస్తుంది. తాడును 'లెంగ్తీ' అనరు. తాడు ఎవరినీ విసిగించదు గదా! ఈ మాట 18వ శతాబ్దిలో అమెరికాలో వ్యాప్తికి రాగా, బ్రిటిష్ విమర్శకులు కొందరు దాన్ని అమెరికావారి ప్రయోగమని ఆక్షేపించారు. తరువాత అది అంతటా స్థిరపడింది.

కాలానికి సంబంధించి మరి మూడు మాటలున్నాయి. 'ఎక్స్‌టెండెడ్' అంటే కావాలని పొడిగించినది: గడువు, సెలవు వంటివి. ఇందులో నింద లేదు. 'ప్రొలాంగ్డ్' అంటే మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువ కాలం కొనసాగినది: జ్వరం, అనావృష్టి వంటివి. 'ప్రొట్రాక్టెడ్' అంటే ఎప్పుడో ముగియవలసింది ముగియక ఈడ్చుకుపోతున్నది: కోర్టు వ్యాజ్యం, సమ్మె, సంప్రదింపులు వంటివి. లాటిన్‌లో దీని మూలానికి 'ముందుకు లాగు' అని అర్థం. మన 'ఈడ్చు' సరిగ్గా అక్కడే ఉంది. ఇక 'ఎలాంగేటెడ్' ప్రధానంగా ఆకారానికి చెందినది. గుండ్రంగా ఉండవలసినది కోలగా సాగితే ఆ మాట వాడతారు.

కురచదనంలోనూ ఇటువంటి భేదముంది. 'షార్ట్' కర్రకూ, మనిషికీ, కాలానికీ చెల్లుతుంది. కొన్నిచోట్ల 'చాలలేదు' అనే భావాన్నీ ఇస్తుంది. 'బ్రీఫ్' ముఖ్యంగా కాలానికీ మాటలకూ చెందినది. అందులో కొరత ధ్వనించదు. సభలో క్లుప్తంగా మాట్లాడమని కోరేటప్పుడు అందుకే 'బ్రీఫ్' అంటారు. ఒకరితో 'షార్ట్'గా మాట్లాడారంటే మాత్రం ముక్తసరిగా, విసురుగా మాట్లాడారని అర్థం.

ఇవన్నీ చూసి, ఇన్ని ఛాయలు ఇంగ్లీషుకే ఉన్నాయని అనుకోకూడదు. తెలుగులో వస్తువుకు పొడవు, రచనకు నిడివి, కాలానికి దీర్ఘం. విసుగు చెప్పడానికి చాంతాడంత ఉత్తరం ఉంది, హనుమంతుడి తోకలాంటి జాబితా ఉంది, జీడిపాకంలా సాగే వ్యవహారం ఉంది. ఇంగ్లీషు ఒక విశేషణంలో ఇమిడ్చినదాన్ని మనం తరచు ఒక క్రియతోనో ఉపమానంతోనో చెబుతాం. 'ప్రొట్రాక్టెడ్'ను 'దీర్ఘమైన' అని అనువదిస్తే కొలత మిగులుతుంది, బాధ పోతుంది. 'ఏళ్ల తరబడి నానుతున్న వ్యాజ్యం' అంటే రెండూ నిలుస్తాయి.

బడిలో తెలుగు మాధ్యమం దొరకని మన పిల్లలకు ఇటువంటి పలుకుబడులు ఇంట్లో పెద్దల నోట వినిపించేవే. నిఘంటువు ఇవ్వలేని ఛాయ వారి దగ్గర దొరుకుతుంది. కొత్త ఇంగ్లీషు మాట నేర్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది దేన్ని కొలుస్తోంది? ఆ పొడవు చెప్పేవారికి ఇష్టమా, కష్టమా? ఆ తరువాత, దీన్నే మన అమ్మమ్మ ఏమనేది అని కూడా అడిగి చూడాలి. మా విద్యార్థి చివరకు 'లెంగ్తీ' తీసివేసి 'డీటెయిల్డ్' అని, అంటే 'సవివరమైన' అని రాశాడు. ప్రసంగం నిడివి మారలేదు, మర్యాద నిలిచింది.