నొప్పి తగ్గింది సరే... నిప్పు ఆరిందా?

"పాదాలు అలా వాచాయేం పిన్నీ?" అని రెండేళ్ళ క్రితం ఓ పెళ్ళిలో అడిగాను. "పొద్దుట్నించీ నించునే ఉన్నాను కదే, అదే తగ్గుతుందిలే" అంది మా పిన్ని. "ఉప్పు తగ్గించండి వదినగారూ" అన్నారు పక్కనున్న మా అత్తగారు. అక్కడితో ఆ మాట మర్చిపోయాం.

పిన్నికి పదిహేనేళ్ళుగా కీళ్ళవాతం. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవాలన్నా గంట ఆగాల్సిందే. మొదట్లో డాక్టరు రాసిన మందులు ఆర్నెల్లు వాడి మానేసింది. "నొప్పి లేనప్పుడు మందులెందుకు, దండగ! పైగా మాటిమాటికీ రక్తపరీక్షలా?" అనేది. నొప్పి వస్తే మందులషాపు నుంచి బిళ్ళ తెప్పించుకు వేసుకునేది. ఇంట్లో పని ఆగేది కాదు. మిగతావాళ్ళకి కావలసిందీ అదే కదా!

వాపు తగ్గలేదు. మూత్రంలో నురగ కనిపించింది. పరీక్ష చేస్తే ప్రొటీన్ విపరీతంగా పోతోందన్నారు. చివరికి మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి 'అమైలాయిడోసిస్' అని తేల్చారు.

కీళ్ళ జబ్బుకీ మూత్రపిండాలకీ సంబంధం ఏమిటని మేమంతా తెల్లబోయాం. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ ఉంటే కాలేయం 'సీరమ్ అమైలాయిడ్ ఎ' అనే ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది. మామూలు జ్వరమైతే, అది తగ్గగానే ఈ ప్రొటీనూ దిగిపోతుంది. కానీ ఏళ్ళతరబడి ఎక్కువగానే ఉండిపోతే, దాని ముక్కలు సన్నటి పోగుల్లా మూత్రపిండాల్లో, ప్లీహంలో, కాలేయంలో, పేగుల్లో పేరుకుంటాయి. మూత్రపిండాల వడపోత పాడై, ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్ బయటికి పోతుంది. అందుకే ఆ వాపు, ఆ నురగ.

ఈ పేరు వెనక ఓ పొరపాటుంది. 1854లో జర్మన్ వైద్యుడు విర్కో, అయోడిన్ తగిలితే రంగు మారటం చూసి ఇదేదో గంజిలాంటి పిండిపదార్థం అనుకుని 'అమైలాయిడ్' అన్నాడు. అది ప్రొటీన్ అని 1859లో తేలినా, పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది!

కీళ్ళవాతం ఒక్కటే కాదు, ముదిరిన క్షయ, ఏళ్ళతరబడి మానని ఎముకల చీము, పేగుల్లో దీర్ఘకాలపు పుండ్లు కూడా దీనికి దారితీస్తాయి. మనదేశంలో క్షయ దీనికి ముఖ్యకారణంగా ఉంటూ వచ్చింది. ఇక కీళ్ళవాతమంటారా, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ.

అలాగని హడలిపోనక్కర్లేదు. కీళ్ళవాతం ఉన్న అందరికీ ఇది రాదు. మందులు సక్రమంగా వాడేవాళ్ళలో చాలా అరుదు. వయసుతో అరిగే మోకాళ్ళ నొప్పి సంగతి వేరు, దానికీ దీనికీ ముడిపెట్టకండి.

మనం తెలుసుకోవాల్సింది ఒక్కటే. నొప్పిబిళ్ళ నొప్పిని అణుస్తుంది కానీ జబ్బుని అదుపులో పెట్టదు. నివురు కింద నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. పైగా అడ్డూ ఆపూ లేకుండా మింగితే ఆ బిళ్ళలే మూత్రపిండాలకి చేటు. జబ్బుని అదుపుచేసే మెథోట్రెక్సేట్ లాంటి మందులు, కొత్తగా వచ్చిన ఇంజక్షన్లు వేరే ఉన్నాయి. డాక్టరు చెప్పకుండా వాటిని మానకూడదు. రక్తంలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. పరీక్షలతోపాటు మూత్రంలో ప్రొటీన్ కూడా చూడమని మనమే అడగాలి. అడగటానికి మొహమాటమెందుకు?

పిన్నికి ఇప్పుడు ప్రొటీన్ పోవటం సగానికి తగ్గింది. పూర్తిగా ఆగలేదు. పేరుకున్నదాన్ని కడిగేసే మందు లేదు, కానీ అసలు జబ్బుని అణిస్తే కొత్తగా పేరుకోవటం ఆగుతుందట. మందుల డబ్బా ఇప్పుడు పోపుల డబ్బా పక్కనే ఉంటోంది.

మీ ఇంట్లోనూ "అలవాటైపోయిందిలే" అంటూ నొప్పులతోనే వంట చేసే అమ్మో, అత్తగారో ఉన్నారా? ఈ ఆదివారం ఆవిడ పాదం మీద బొటనవేలితో కాసేపు నొక్కి చూడండి. గుంట పడితే మాత్రం పెళ్ళిలో మేము మర్చిపోయినట్టు మర్చిపోకండి!