అమ్మానాన్నల అమెరికా ప్రయాణానికి ఏ బీమా తీసుకోవాలి?

కూతురి కాన్పుకు అమెరికా వెళ్లే తల్లిదండ్రులు టికెట్లు నెలల ముందే కొంటారు. ఆవకాయ, కందిపొడి, పసిబిడ్డకు మెత్తని పాతచీరల పొత్తిగుడ్డలు వారం ముందే సర్దుకుంటారు. బీమా సంగతి మాత్రం చాలా ఇళ్లలో ఆఖరి రాత్రే గుర్తొస్తుంది. అప్పుడు చూసేది ధర ఒక్కటే. అరవై దాటినవాళ్లు ఆరు నెలలు పరాయి దేశంలో ఉండబోతున్నప్పుడు ఇంత హడావుడి తగదు.

యూరప్‌కు షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అమెరికా సందర్శక వీసాకు ఆ షరతు లేదు. అడిగేవాళ్లు లేరు గనక అక్కర్లేదనుకుంటాం. కానీ వైద్యం ఖర్చు విపరీతంగా ఉండేది అక్కడే. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు లేదని వెనక్కి పంపకూడదని 1986లో అక్కడ చట్టం చేశారు. ప్రాణం నిలబెడతారు, నిజమే. బిల్లు మాత్రం తర్వాత ఇంటికి వస్తుంది. అక్కడి వృద్ధులకు అండగా ఉండే మెడికేర్ సందర్శకులకు వర్తించదు.

పాలసీలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో డాక్టరును చూస్తే ఇంత, గదికి రోజుకు ఇంత అని ఒక్కో సేవకూ హద్దు ఉంటుంది. రెండో రకంలో డిడక్టిబుల్, అంటే మొదట మన చేతినుంచి కట్టాల్సిన మొత్తం పోగా, మిగతా ఖర్చులో ఎక్కువ భాగాన్ని పాలసీ పరిమితి దాకా కంపెనీ భరిస్తుంది. లక్ష డాలర్ల కవరేజీ అన్న మాట రెండింటి మీదా కనిపించవచ్చు. గదికి రోజుకు 5,000 డాలర్లయిందనుకుందాం. పాలసీలో హద్దు 1,500 అయితే మిగిలిన 3,500 మనమే కట్టాలి. పైన రాసిన లక్ష అప్పుడు అక్కరకు రాదు. మన కంపెనీలు అరవై దాటినవారికి అమ్మే పాలసీల్లో కూడా ఇలాంటి సబ్‌లిమిట్లు తరచుగా ఉంటాయి. అవి లేని ప్లాన్ ఉందా అని అడిగి తీసుకోండి. ప్రీమియం ఎక్కువైనా అదే మేలు.

అసలు చిక్కు పాత జబ్బులతో. మన పెద్దవాళ్లలో బీపీ, షుగర్ లేనివాళ్లు ఎందరు? గుండెకు స్టెంట్ పడినవాళ్లూ ఉంటారు. సందర్శకుల పాలసీల్లో చాలావాటిలో ఇలాంటి జబ్బులకు దొరికే రక్షణ 'అక్యూట్ ఆన్‌సెట్' అన్న ఒక్క షరతు కిందే. అంటే ముందు ఏ సూచనా లేకుండా జబ్బు హఠాత్తుగా ముదరాలి, సాధారణంగా 24 గంటల్లోపు చికిత్సకు వెళ్లాలి. రోజూ వేసుకునే మాత్రలు, మామూలు చెకప్‌లు ఇందులోకి రావు. అందుకే మాత్రలు ప్రయాణం మొత్తానికీ సరిపడా డాక్టరు చీటీతో సహా ఇక్కడినుంచే తీసుకెళ్లాలి.

ఏజెంటు "షుగర్ సంగతి రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అంటే వినకండి. ఆస్పత్రిలో డాక్టరు అడగగానే పదేళ్లుగా షుగరుందని అమ్మ నిజమే చెబుతుంది, చెప్పాలి కూడా. ఆ మాట కేస్ షీటుకెక్కుతుంది. దాన్ని ప్రపోజల్ ఫారంతో పోల్చి చూసి కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ఫారం స్వయంగా నింపండి, ఉన్నదంతా రాయండి. ఇక్కడి కంపెనీ పాలసీ అయితే విమానం ఎక్కకముందే తీసుకోవాలి. పాలసీ మీదుండే సహాయ కేంద్రం నంబరు అక్కడి ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించండి. ఆస్పత్రిలో చేరితే ఆ నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. ఇక్కడి కంపెనీ అన్యాయంగా క్లెయిమ్ నిరాకరిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ న్యాయం జరక్కపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు, రుసుము ఉండదు.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఒక అలవాటు మొత్తం చెడగొడుతుంది. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే, పొద్దున్నే ఆఫీసుకెళ్లే పిల్లల్ని లేపడమెందుకని నాన్న సోడా తాగి పడుకుంటాడు. గ్యాసేమోలే అని రెండు రోజులు ఓర్చుకుంటాడు. ప్రాణానికీ అదే ముప్పు, 24 గంటల షరతుకూ అదే ముప్పు. పాలసీ కాగితం చేతిలో పెట్టేటప్పుడే మీ అమ్మానాన్నలకు ఈ మాట చెప్పండి: ఏ కాస్త తేడాగా అనిపించినా, ఏ వేళయినా సరే, మమ్మల్ని లేపండి.