కాంపౌండరు బల్ల నుంచి బనారస్ దాకా

ఒకప్పుడు డాక్టరుగారి గదిలో తెర వెనక కాంపౌండరు ఉండేవాడు. చీటీ చూసి, పెద్ద సీసాల్లోంచి రెండు మూడు మందులు కొలిచి చిన్న సీసాలో కలిపి, బిరడా బిగించేవాడు. సీసాకి పళ్లు పళ్లుగా కత్తిరించిన కాగితం అతికించేవాడు. ఒక పన్ను దిగితే ఒక మోతాదు. చదువు రాని రోగికి కూడా తెలిసే కొలత అది.

మరి ఆ పెద్ద సీసాలో ఉన్నది అసలు మందేనా? తేల్చి చెప్పే చదువు అప్పటికి మన విశ్వవిద్యాలయాల్లో లేదు. మలేరియా రోజులు. క్వినైన్ బిళ్లలో క్వినైన్ తక్కువైతే, రోగి తన జ్వరమే మొండిదనుకుంటాడు. 1930లో ప్రభుత్వం రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. బజారులో కల్తీ మందులు, పస లేని మందులు ఉన్నాయనీ, చట్టంతో పాటు శిక్షణ పొందిన ఫార్మసిస్టులు కావాలనీ మరుసటి ఏడే ఆ సంఘం తేల్చింది.

1932లో, మదన్ మోహన్ మాలవీయ స్థాపించిన బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ అలాంటి ఫార్మసిస్టులను తయారుచేసే పనికి పూనుకున్నారు. ఆయన అమెరికాలో చదువుకొని వచ్చిన రసాయన శాస్త్రవేత్త. దేశంలో ఫార్మసీ డిగ్రీయే లేనప్పుడు ఆ డిగ్రీ ఉన్న గురువు ఎక్కడ దొరుకుతాడు? మొదట బీఎస్సీలో ఔషధ రసాయన శాస్త్రాన్ని ఒక సబ్జెక్టుగా చేర్చారు. 1937కల్లా అది మూడేళ్ల బీఫార్మ్ అయింది.

ఆ చదువులో ఏముంటుందో సింకోనా బెరడును తీసుకుంటే తెలుస్తుంది. ముందు అది నిజంగా సింకోనాయేనా అని పోల్చుకోవాలి. అందులోంచి క్వినైన్ తీయాలి, ఎంత ఉందో తూచాలి, బిళ్లగా చేయాలి, అది ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవాలి. వృక్షశాస్త్రం, రసాయనం, వైద్యం మూడూ ఒకే విద్యార్థి చేతిలోకి రావాలి. ష్రాఫ్ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. అంతటితో ఆగక వృత్తికి ఒక సంఘాన్ని కూడగట్టారు, 1939లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫార్మసీని మొదలుపెట్టారు. తర్వాత పిలానీలోనూ ఫార్మసీ చదువుకు పునాది వేశారు. 1951లో మన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఫార్మసీ మొదలైంది.

బనారస్‌లో బీఫార్మ్‌లో చేరిన తొలి పిల్లల ధైర్యం కూడా తక్కువది కాదు. వాళ్లు చేరేనాటికి ఆ పట్టా ఉన్నవాడే మందు కలపాలన్న చట్టం లేదు. ఔషధ చట్టం 1940లో వచ్చింది, ఫార్మసీ చట్టం 1948లో. ఫార్మసీ చట్టం తయారుచేయించిన తొలి రిజిస్టరులో పట్టభద్రుల పక్కనే, డాక్టరు చీటీ ప్రకారం అయిదేళ్లు మందులు కలిపిన కాంపౌండరుకూ చోటిచ్చారు.