వృద్ధుల వైద్యము: వైద్యుల ఉమ్మడి చదువు

పడుచువానికి న్యూమోనియా వచ్చినచో జ్వరము, దగ్గు, రొమ్ములో నొప్పి కనిపించును. ఎనుబదియేండ్ల వృద్ధురాలికి అదే జబ్బు వచ్చినపుడు జ్వరము అంతగా లేకపోవచ్చును. ఆమె అన్నము మానివేయును, పగటిని రాత్రి యని భ్రమించును, లేదా నడచుచు నడచుచు కూలబడును. ఊపిరితిత్తుల జబ్బని ఇంటివారికి తోచదు. ఒక్కొక్కప్పుడు వైద్యునికిని తోచదు.

మందుల సంగతి ఇంకను చిక్కైనది. రక్తపుపోటునకు వాడు ఆమ్లోడిపిన్ వలన కొందరికి చీలమండలు వాచును. ఆ వాపును క్రొత్త జబ్బుగా ఎంచి వేరొక వైద్యుడు మూత్రము జారీచేయు మందు వ్రాయును. దానితో మూత్రము ఆగక బట్టలు తడియును. మూడవ వైద్యుడు అందులకు ఆక్సిబ్యుటినిన్ ఇచ్చును. ఈ మందు వృద్ధులలో కొందరికి మతి తడబడునట్లు చేయును. ముసలాయనకు మతి పోయినదని ఇంటివారు నాలుగవ వైద్యుని వెదకుదురు! ఎవరి మట్టుకు వారు సరిగనే చేసినట్లున్నది గాని, మొదటి మాత్ర వరకు వెనుకకు పోయి చూచినవారు లేరు.

అట్లు చూచుటకు పలువురు కావలెను. మందుల గుణదోషములు ఫార్మసిస్టుకు, నడకలోని లోపము ఫిజియోథెరపిస్టుకు, రాత్రి ఏమి జరిగినదో నర్సుకు బాగుగా తెలియును. వీరందరు కూడి ఒకే రోగిని గూర్చి చర్చించుటనే పాఠముగా చేసిన పద్ధతి యొకటి అమెరికాలో కలదు.

దానికి మూలము వృద్ధుల వైద్యము కాదు. న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున కాలేయ నిపుణుడైన సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్టు ఎకో అను పథకమును ఆరంభించెను. హెపటైటిస్-సి రోగులు ఆల్బుకర్కీ నగరమునకు దూరప్రయాణము చేయనక్కరలేకుండ, పల్లెలలోని వైద్యులకే వీడియో ద్వారా నిపుణులు తోడుపడిరి. 2011లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి, విశ్వవిద్యాలయమున చికిత్స పొందినవారిలో నూటికి 57.5 మందికిని, పల్లెలలోను కారాగారములలోను పొందినవారిలో 58.2 మందికిని నయమైనది. అనగా తేడా లేదు.

తరువాత బోస్టన్ నగరములోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ వైద్యకేంద్రమువారు దీనిని ఎకో-ఏజ్ అను పేర నర్సింగు హోములకు తెచ్చిరి. అచట నర్సింగు హోమనగా మన ఊళ్లలోని ప్రైవేటు ఆసుపత్రి కాదు. తమ పనులు తాము చేసికొనలేని వృద్ధులు నివసించు శుశ్రూషాలయము. డిమెన్షియా గలవారు అందు పలువురుందురు. వారు కేకలు వేసినను, కొట్టవచ్చినను కుర్చీకి కట్టివేయుటయో, మానసిక రోగులకిచ్చు మందులతో మత్తుగా పడియుండునట్లు చేయుటయో ఉండెడిది. అట్టి కొన్ని మందులు డిమెన్షియా గల వృద్ధులలో మరణములను హెచ్చించునని అమెరికా ఔషధ నియంత్రణ శాఖ 2005లోనే హెచ్చరించినది.

చర్చ జరుగు తీరు ఇట్టిది. రోగి పేరు చెప్పకుండ ఒక శుశ్రూషాలయమువారు సమస్యను వివరింతురు. స్నానమనగానే కొట్టవచ్చు వృద్ధురాలొకతె కలదనుకొందము. ఏ వేళ కొట్టును? చేయి పైకెత్తినపుడా, నీళ్లు పోసినపుడా? భుజము నొప్పి యున్నదా? మలబద్ధకమున్నదా? ఇట్టి ప్రశ్నలకు జవాబు స్నానము చేయించు ఆయాకే తెలియును. పెద్ద పట్టాలు గల నిపుణుడు ఆమెను అడిగి తెలిసికొనవలసినదే. నొప్పి మాత్ర ముందుగా ఇచ్చి, స్నానపు వేళ మార్చిన చాలునని తేలవచ్చును. ఇతర కేంద్రములవారును తమ అనుభవము చెప్పుదురు. చికిత్స బాధ్యత మాత్రము స్థానిక వైద్యునిదే.

మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రములలోని 11 శుశ్రూషాలయములను అట్టివే యైన మరికొన్ని ఆలయములతో పోల్చి 2016లో ఫలితములు ప్రకటించిరి. చర్చలలో పాల్గొన్నచోట్ల వృద్ధులను కట్టివేయుట 75 శాతము, ఆ మందులు వాడుట 17 శాతము తక్కువగా కనబడెను. ఇది చిన్న పరిశీలన. పైగా శుశ్రూషాలయములను చీట్లు వేసి రెండు జట్లుగా విడదీయలేదు గనుక, ఈ తేడా అంతయు చర్చల వలననే కలిగినదని చెప్పుట తొందరపాటగును. కట్లు అంతగా తగ్గి, మందులు కొంచెమే ఎందుకు తగ్గినవో ఇంకను విచారింపదగిన విషయము.