లెక్కను గుర్తుంచుకునే గడి

స్ప్రెడ్‌షీట్‌లో లెక్క ఉన్న ప్రతి గడికీ రెండు పొరలుంటాయి. పైకి కనబడేది ఒక అంకె. దాని అడుగున ఉండేది ఆ అంకెను ఎలా రాబట్టాలో చెప్పే సూత్రం. కొత్తగా నేర్చుకునేవారికి మెనూలు, బటన్ల కంటే ముందు తెలియవలసింది ఈ సంగతే. ఈ సాధనం పుట్టిందీ దీని కోసమే.

పద్దుల పుస్తకంలో మొత్తం వేసి కింద గీత గీస్తే, ఆ మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో కాగితానికి తెలియదు. పైన ఒక్క అంకె మారినా కిందివన్నీ కొట్టేసి మళ్లీ కూడాలి. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఎంబీఏ చదువుతున్న డాన్ బ్రిక్లిన్ నల్లబల్ల మీద సరిగ్గా ఇదే అవస్థ చూశాడు. ఒక అంకె సవరిస్తే దాని మీద ఆధారపడిన వరుసలన్నీ చెరిపి రాయవలసి వచ్చేది. సవరించగానే మిగతా అంకెలు వాటంతటవే మారే బల్ల ఉంటే బాగుండునన్న ఆలోచన అక్కడ మొదలైంది. పెద్ద కంప్యూటర్ల మీద ఇలాంటి పని అంతకుముందే జరిగింది. రెనే పార్డో, రెమీ లాండౌ 1969లో రాసిన లాన్‌పార్ అందుకు ఉదాహరణ. బ్రిక్లిన్ కోరుకున్నది మాత్రం అంకె మార్చిన క్షణంలోనే తెరమీద ఫలితం కనబడటం.

ప్రోగ్రాం రాసినవాడు అతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్. మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లో ఒక ఇంటి అటక మీద ఆ పని సాగింది. ఎంఐటీ కంప్యూటర్ వాడకానికి రాత్రివేళ రుసుము తక్కువ కాబట్టి అతను రాత్రుళ్లు కూర్చునేవాడు. 1979లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం విసికాల్క్ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. 32 కిలోబైట్ల మెమొరీలో 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు. నిలువు వరుసకు అక్షరం, అడ్డు వరుసకు అంకె, రెండూ కలిస్తే గడి చిరునామా: ఈ ఏర్పాటు నేటికీ మారలేదు. కేవలం విసికాల్క్ కోసమే యాపిల్ 2 కొన్న వ్యాపారులు ఎందరో ఉన్నారు.

ఒక పచారీ కొట్టు లెక్క తీసుకుంటే దీని పనితీరు తేటపడుతుంది. ‘ఏ’ నిలువు వరుసలో సరుకు పేరు, ‘బి’లో కిలోలు, ‘సి’లో కిలో ధర. రెండో అడ్డు వరుసలో బియ్యం 25 కిలోలు, ధర 50 రూపాయలు. మూడో అడ్డు వరుసలో కందిపప్పు 10 కిలోలు, ధర 140. డి2 గడిలో 1,250 అని చేత్తో కొడితే జవాబు సరైనదే, కానీ అది కాగితం మీది అంకెతో సమానం. అక్కడ =బి2*సి2 అని రాయాలి. సమానం గుర్తు చూడగానే కంప్యూటర్ దాన్ని లెక్కగా గుర్తిస్తుంది. డి2 గడి కుడివైపు అడుగు మూలలో ఉండే చిన్న చతురస్రాన్ని మౌస్‌తో పట్టుకుని కిందికి లాగితే డి3లో సూత్రం బి3*సి3గా మారుతుంది. డి4లో సమ్ సూత్రంతో రెండూ కూడితే 2,650 వస్తుంది. బియ్యం ధర 54 చేస్తే మొత్తం 2,750 అవుతుంది. మారింది సి2 ఒక్కటే.

కొత్తవారు తడబడేది తర్వాతి మెట్టులో. 5 శాతం తగ్గింపును ఎఫ్1లో ఉంచి, ఈ2లో =డి2*ఎఫ్1 అని రాసి కిందికి లాగితే, ఈ3లోని సూత్రం ఖాళీగా ఉన్న ఎఫ్2 వైపు జరిగి సున్నా చూపిస్తుంది. $ఎఫ్$1 అని రాస్తే ఆ చిరునామా కదలదు. విసికాల్క్‌లో ఈ డాలర్ గుర్తు లేదు. సూత్రాన్ని నకలు చేసేటప్పుడు ఒక్కో చిరునామా దగ్గర ఆగి, ఇది కదలాలా, ఉన్నచోటే ఉండాలా అని వాడేవారినే అడిగేది. నేర్చుకునేవారు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఇప్పటికీ అదే.

సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ దొరకడం కష్టమని ఆనాటి న్యాయ సలహా. అందుకే బ్రిక్లిన్ బృందం దరఖాస్తు చేయలేదు. వారికి దక్కవలసిన సొమ్ము దక్కలేదన్నది నిజమే గాని, ఒక ప్రోగ్రాంలో నేర్చిన విద్య మరోదానిలో పనికి రావడానికి అదీ ఒక కారణం. 1983లో ఐబీఎం పీసీ కోసం వచ్చిన లోటస్ 1-2-3 విసికాల్క్‌ను వెనక్కి నెట్టింది. 1985లో మెకింటాష్ మీద, 1987లో విండోస్ మీద ఎక్సెల్ వచ్చింది. 2006లో గూగుల్ స్ప్రెడ్‌షీట్‌ను బ్రౌజర్‌లోకి తెచ్చి, ఒకే షీట్‌లో పలువురు ఏకకాలంలో పనిచేసే వీలు కల్పించింది. ఎక్సెల్ 2007 నుంచి ఒక్కో షీట్‌లో 10,48,576 అడ్డు వరుసలున్నాయి.

అడుగు పొర కనబడకపోవడమే దీని ప్రమాదం కూడా. ప్రభుత్వ అప్పు పెరిగితే ఆర్థిక వృద్ధి తగ్గుతుందంటూ ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ప్రచురించిన పత్రం దేశదేశాల విధానకర్తల నోళ్లలో నానింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి వారి ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని గడులు తెరిచి చూశాడు. సగటు సూత్రం ఎల్30 నుంచి ఎల్49 వరకు వెళ్లవలసింది ఎల్44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోంచి జారిపోయాయి. ఆ పత్రం మీద వచ్చిన అభ్యంతరం ఇదొక్కటే కాదు, అన్నిటికన్నా పెద్దదీ కాదు. కానీ అచ్చయిన సగటును ఎంతసేపు చూసినా ఈ లోపం తెలిసేది కాదు. గడి మీద క్లిక్ చేసి, పైనున్న సూత్రపు పట్టీలో ఏ గడి నుంచి ఏ గడి వరకు ఉందో చదవాలి.