కోలుకున్నవారే తోడు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక సంరక్షణ గృహం దగ్ధమైంది. స్వస్థత కోరి ఆ దర్గా ఊరికి తెచ్చిన మానసిక రోగులు గొలుసులతో బంధింపబడి ఉన్నందున పారిపోలేకపోయారు. 28 మంది మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. అయినా పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో బిడ్డను గదిలో దాచే తల్లిదండ్రులు మన మొహల్లాలలో నేటికీ ఉన్నారు.

గుజరాత్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులలో 2014లో మొదలైన కార్యక్రమం మరొక మార్గం చూపింది. ఒకప్పుడు ఇటువంటి వ్యాధినే అనుభవించి కోలుకున్నవారికి శిక్షణ ఇచ్చి రోగులకు తోడుగా ఉంచారు. ఇటువంటి తోడు మందు వ్రాయదు. మందు మానిన రోజులలో తనకేమైనదో, నిద్ర మళ్ళీ ఎలా పట్టినదో చెబుతుంది. మేము మింబరుపై నుండి ఎంత బోధించినా ఆ మాటకున్న బరువు రాదు.

మీ ఇంట అటువంటి బిడ్డ ఉంటే దుఆ చేయండి, వైద్యునికీ చూపండి. కోలుకున్నవారెవరైనా ఇష్టపడితే మీ గడపలోకి ఆహ్వానించండి.