ఎముకలు ఎవరివి, ప్రశ్నలు ఎవరివి?

పురావస్తు శాఖ తవ్వకాలు జరిగే చోటికి వెళ్తే ముందు కనపడేది అడ్డం కట్టిన తాడు. తాడు లోపల మట్టి తట్టలు మోసేది చాలాచోట్ల మనవాళ్ళే. ఏం దొరికింది, దానర్థమేమిటన్నది ఎక్కడో ఇంగ్లీషు పుస్తకంలో అచ్చవుతుంది. ప్రజలకు పురావస్తు శాస్త్రం చేరువ కావాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. అంటే బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపించడం, ఎగ్జిబిషన్ పెట్టడం. మంచిదే. కానీ తవ్వింది చూపించడం వేరు, ఏం తెలుసుకోవాలో జనాన్ని అడగడం వేరు. న్యూయార్క్‌లోని ఆఫ్రికన్ శ్మశానం విషయంలో ఈ తేడా తేటగా కనపడుతుంది.

1697లో అక్కడి ట్రినిటీ చర్చి తన ఆవరణలో నల్లవాళ్ళని పూడ్చకూడదని తీర్మానించింది. దాంతో వాళ్ళు తమవాళ్ళని ఊరి బయట పాతుకున్నారు. (ఊరికొక శ్మశానం, వాడకొక శ్మశానం ఉన్న మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.) 1794 దాకా అక్కడ సుమారు 15 వేలమందిని పూడ్చి ఉంటారని అంచనా. తర్వాత మట్టి పోసి, ఎత్తు చేసి, మేడలు కట్టారు. 1755 నాటి మ్యాపులో ఆ శ్మశానం పేరుతో సహా ఉన్నా ఊరు మర్చిపోయింది.

1991లో కేంద్ర ప్రభుత్వం అక్కడ 34 అంతస్తుల ఆఫీసు కట్టబోయింది. చట్టప్రకారం ముందు తవ్వి చూడాలి. చూస్తే సమాధులు! పాత పునాదులకి అవెప్పుడో పోయుంటాయి అనుకున్నారు, పోలేదు. కట్టడానికి గడువుంది కాబట్టి ఎముకల్ని హడావుడిగా తీయడం మొదలైంది. కొన్ని సమాధులు కాంక్రీటు పనిలో నాశనమయ్యాయి. నల్లవాళ్ళు వీధుల్లోకొచ్చారు. మేయర్ డేవిడ్ డింకిన్స్, ప్రతినిధుల సభ సభ్యుడు గస్ సావేజ్ వాళ్ళ పక్షాన నిలబడ్డారు. 1992 జులైలో తవ్వకం ఆగింది. అప్పటికే 419 మంది అవశేషాలు పైకొచ్చేశాయి.

అసలు సంగతి ఇక్కడినుంచే. 1993లో ఎముకలు నల్లవాళ్ళ విద్యాసంస్థ అయిన హోవర్డ్ యూనివర్సిటీకి చేరాయి. పరిశోధనకు పెద్ద మైకేల్ బ్లేకీ. డబ్బిచ్చేది ప్రభుత్వమే అయినా తాము జవాబు చెప్పుకోవాల్సింది చనిపోయినవాళ్ళ వారసులకని ఆయన వాదన. పరిశోధన పథకాన్ని సభల్లో జనం ముందు పెట్టారు. పుర్రెలు కొలిచి జాతి తేల్చే పాత పద్ధతి వాళ్ళకి అక్కర్లేదు. వీళ్ళు ఆఫ్రికాలో ఎక్కడివాళ్ళు? ఇక్కడికొచ్చి ఎలా మారారు? ఎలా బతికారు? ఎలా ఎదిరించారు? ఈ నాలుగే ప్రశ్నలు నిలిచాయి. మాట కూడా మారింది. ‘బానిసలు’ కాదు, ‘బానిసలుగా చేయబడ్డవాళ్ళు’. వ్యాకరణం కాస్త బరువే, కానీ చేసినవాడొకడున్నాడని ఆ మాట గుర్తుచేస్తుంది.

మానవశాస్త్రవేత్త షెరిల్ విల్సన్ ఆధ్వర్యంలో ఒక ప్రజా విద్యా కార్యాలయం నడిచింది. ఉపన్యాసాలు, పర్యటనలు, ఒక వార్తాపత్రిక. జనం ప్రయోగశాలకెళ్ళి తమ పూర్వీకుల ఎముకల్ని చూసొచ్చారు. మోయలేని బరువులు మోసి అరిగిన వెన్నెముకలు. సగానికి దగ్గరగా పిల్లలే. నడుముకి పూసలు కట్టుకున్న ఒక స్త్రీ.

చిక్కులు లేకపోలేదు. ఒక శవపేటిక మూతమీద మేకులతో హృదయాకారం ఉంది. అది ఘనాలోని అకాన్ ప్రజల ‘సంకోఫా’ గుర్తని చాలామంది నమ్మారు, స్మారకం మీద కూడా చెక్కారు. కాదేమోనని కొందరు చరిత్రకారులు. నన్నడిగితే అనుమానానికి కూడా ఆ సభల్లో చోటుండాలి. జనానికి దగ్గరవడమంటే వాళ్ళేమన్నా తలూపడం కాదు గదా.

2003 అక్టోబరులో 419 మందినీ ఘనాలో చెక్కించిన పెట్టెల్లో పెట్టి అదే నేలలో తిరిగి పూడ్చారు. 2006లో అది జాతీయ స్మారకమైంది. సమాధుల్లో దొరికిన పూసలు కూడా వాళ్ళతోనే మట్టిలోకి వెళ్ళాయి. మ్యూజియంలో చూసేవి నకళ్ళు.